ఇంట్లో ఏం చూడాలో చెప్పేదెవరు?

ఖాట్మండులోని పార్లమెంటు భవనం ఎదుట 2025 సెప్టెంబర్ 8వ తేదీన గుమిగూడిన వారిలో అత్యధికులు విద్యార్థులు. కళాశాల పుస్తకాల సంచీలతో, యూనిఫారాలతో వచ్చినవారు కూడా ఉన్నారు. అంతకు నాలుగు రోజుల ముందు నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేయాలని ఆదేశించింది. దేశంలో పేరు నమోదు చేయించుకోవాలన్న షరతును ఆ సంస్థలు పాటించలేదన్నది సర్కారు చెప్పిన కారణం. ఆందోళనను అణచివేసే ప్రయత్నంలో ఆ ఒక్క రోజే 19 మంది మరణించారు. ఆ రాత్రికే నిషేధం ఎత్తివేశారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. మృతుల సంఖ్య తర్వాతి రోజుల్లో 70 దాటింది.

కేవలం ఫేస్‌బుక్ కోసమే జనం వీధికెక్కారనుకోవడం పొరపాటు. అవినీతిపైనా, నిరుద్యోగంపైనా, నాయకుల సంతానం సాగిస్తున్న విలాసాలపైనా ఆగ్రహం చాలాకాలంగా పేరుకుంటూ వచ్చింది. అయితే గల్ఫ్‌లోనో, మలేసియాలోనో కూలి చేసుకుంటున్న కొడుకుతో పల్లెలోని తల్లి మాట్లాడేది వాట్సాప్ ద్వారానే అన్న సంగతి ఉత్తర్వు రాసినవారికి తట్టకపోవడమే విచిత్రం. విదేశాల్లో పనిచేసేవారు ఇళ్లకు పంపే సొమ్ము నేపాల్ జాతీయోత్పత్తిలో దాదాపు నాలుగో వంతుకు సమానం. ఆ సొమ్ము ఏ ఇళ్లకు చేరుతోందో, ఆ ఇళ్లలోనే ఫోను మూగబోయింది.

కొత్త సాధనం ఇంట్లోకి రావడం, దానికి తమ అనుమతి కావాలని ప్రభుత్వం అనడం, అనుమతి కోసం ఆగకుండా జనం మరో దారి చూసుకోవడం దక్షిణాసియాలో ఏడు దశాబ్దాలకు పైగా సాగుతున్న వ్యవహారం. ఫోనుకు ముందు డిష్ యాంటెన్నా, దానికి ముందు వీడియో క్యాసెట్, అన్నిటికంటే ముందు రేడియో ఈ తగవుకు కారణమయ్యాయి.

పోస్టాఫీసులో పాటకు లైసెన్సు

మన దేశంలో రేడియో కొన్నవారు పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు తీసుకోవలసి వచ్చేదంటే నేటి యువతరం నమ్మకపోవచ్చు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో ఉంచుకోవడం నేరం. ఏటా రుసుము చెల్లించి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. తనిఖీ అధికారి ఊళ్లోకి వచ్చాడని తెలిస్తే రేడియోను బట్టల పెట్టెలోకి చేర్చిన ముచ్చట్లు పాత తరంవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1980వ దశకం మధ్యలో గానీ ఈ లైసెన్సుల పద్ధతి పూర్తిగా పోలేదు.

రేడియో ఉంచుకోవడానికే కాదు, అందులో వినే పాటకూ ఒక దశలో అడ్డంకి వచ్చింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా బాధ్యతలు చేపట్టిన బి.వి. కేస్కర్‌కు శాస్త్రీయ సంగీతంపై అపారమైన గౌరవం. సినిమా పాట శ్రోతల అభిరుచిని చెరుపుతోందన్నది ఆయన విశ్వాసం. ఫలితంగా ఆకాశవాణిలో సినిమా పాటలు మొదట తగ్గాయి, తర్వాత దాదాపు కనుమరుగయ్యాయి. మంత్రివర్యుల అభిరుచి ఉన్నతమైనదే కావచ్చు. కానీ రేడియో నాబ్ తిప్పే అధికారం మాత్రం శ్రోత చేతిలోనే ఉండిపోయింది.

ఆ నాబ్ తిరిగి కొలంబో దగ్గర ఆగింది. రేడియో సిలోన్ వాణిజ్య విభాగం 1952 డిసెంబర్‌లో 'బినాకా గీత్‌మాలా' కార్యక్రమాన్ని ప్రారంభించింది. బుధవారం సాయంత్రం అయ్యేసరికి ఉత్తరాది ఊళ్లలో రేడియో ఉన్న ఇంటి ముందు, హోటల్ ముందు జనం గుంపులు కట్టేవారు. దాన్ని సమర్పించిన అమీన్ సయానీ కూర్చున్నది కొలంబోలో కాదు, బొంబాయిలోనే. ఇక్కడ రికార్డు చేసిన టేపులు విమానంలో సింహళానికి వెళ్లి, అక్కడి ట్రాన్స్‌మిటర్ నుంచి మళ్లీ ఇక్కడి ఇళ్లలోకే వచ్చేవి. పాట మనది, గొంతు మనది, వినేవారు మనవారు. ప్రకటనల ఆదాయం మాత్రం పొరుగు దేశానిది. తెలుగువారికీ రేడియో సిలోన్ పరాయిది కాదు. అక్కడి నుంచి వచ్చే తెలుగు పాటల కోసం మధ్యాహ్న వేళ రేడియో దగ్గర చేరినవారు కోస్తాలోనూ, సీమలోనూ, తెలంగాణలోనూ వేలాదిగా ఉండేవారు.

ఐదేళ్లు గడిచేసరికి ఢిల్లీకి విషయం బోధపడింది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి ప్రారంభమైంది. సినిమా పాట ఆకాశవాణిలోకి గౌరవంగా తిరిగి వచ్చింది. విశేషమేమంటే అప్పటికీ కేస్కరే మంత్రి.

అమృత్‌సర్ మిద్దెలు, లాహోర్ మిద్దెలు

టెలివిజన్ విషయంలో పొరుగు గాలి పంజాబ్ సరిహద్దున వీచింది. లాహోర్‌లో 1964 నవంబర్‌లో టీవీ కేంద్రం మొదలైంది. అప్పటికి భారత్‌లో టీవీ ఉన్నది ఢిల్లీలో మాత్రమే. లాహోర్‌కు కూతవేటు దూరంలోని అమృత్‌సర్ వాసులు సెట్లు కొని, మిద్దెల మీద యాంటెన్నాలను పశ్చిమానికి తిప్పి పాకిస్థాన్ కార్యక్రమాలు చూశారు. మధ్యలో రెండు యుద్ధాలు జరిగాయి. యాంటెన్నాల దిశ మారలేదు. 1973లో అమృత్‌సర్‌లో మన కేంద్రం వచ్చాక వ్యవహారం తిరగబడింది. 1965 యుద్ధం తర్వాత పాకిస్థాన్ థియేటర్లలో భారతీయ చిత్రాలపై నిషేధం అమల్లో ఉంది. థియేటర్‌లో దొరకని హిందీ సినిమా కోసం లాహోర్ వాసులు యాంటెన్నాలను తూర్పు వైపు తిప్పుకున్నారు.

1980వ దశకంలో వీసీఆర్ వచ్చాక యాంటెన్నా అవసరం కూడా తీరిపోయింది. హిందీ సినిమా క్యాసెట్లు కరాచీ వీధుల్లో అద్దెకు దొరికాయి. పాకిస్థాన్ టీవీ నాటకాల క్యాసెట్లు ఢిల్లీలో, బొంబాయిలో చేతులు మారాయి. రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి దుయ్యబట్టుకుంటున్న రోజుల్లోనే ఇరువైపులా గృహిణులు ఒకే నాటకం చూసి కంటతడి పెట్టారన్నది అతిశయోక్తి కాదు.

ఇటీవలి చరిత్ర కూడా ఇందుకు భిన్నం కాదు. పాకిస్థానీ ధారావాహికలతో 2014లో భారత్‌లో మొదలైన జిందగీ ఛానల్, 2016లో ఉరీ దాడి అనంతరం వాటిని నిలిపివేసింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో పాకిస్థాన్ నియంత్రణ సంస్థ తమ టీవీల్లో, రేడియోల్లో భారతీయ కార్యక్రమాలను పూర్తిగా నిషేధించింది. 2025 మే నెలలో ఇరు దేశాల మధ్య సైనిక ఘర్షణ జరిగినప్పుడు పాకిస్థానీ కార్యక్రమాలను తొలగించాలని కేంద్రం ఓటీటీ వేదికలను ఆదేశించింది. యుద్ధవేళ ఇటువంటి చర్యలను సమర్థించేవారు రెండు దేశాల్లోనూ ఎక్కువే. వారి మనోభావాన్ని తేలికగా తీసుకోవలసిన పనిలేదు. అయితే నిషేధంతో చూడటం ఆగిపోయిందా అన్నది వేరే ప్రశ్న. 2012 సెప్టెంబర్ నుంచి 2016 జనవరి దాకా పాకిస్థాన్‌లో యూట్యూబ్‌పై నిషేధం ఉంది. ఆ మూడేళ్లలో అక్కడి విద్యార్థులు నేర్చుకున్న మొదటి సాంకేతిక విద్య ప్రాక్సీ ద్వారా దొడ్డిదారిన యూట్యూబ్ తెరవడమేనని చెప్పుకుంటారు.

చెట్టు నుంచి చెట్టుకు తీగ

కేబుల్ టీవీ మన దేశంలోకి ఏ చట్టం అనుమతితోనూ రాలేదు. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ ప్రత్యక్షంగా చూపింది. పెద్ద హోటళ్లలో ఆ దృశ్యాలు చూసినవారి నోట మాట ఊరంతా పాకింది. ఆ ఏడాదే స్టార్ టీవీ, మరుసటి ఏడాది జీ టీవీ వచ్చాయి. కాస్త పెట్టుబడి, ఒక నిచ్చెన, రెండు చుట్టల తీగ ఉన్న నిరుద్యోగి మిద్దె మీద డిష్ పెట్టి పేటకంతటికీ ప్రసారకర్త అయిపోయాడు. కరెంటు స్తంభాల మీదుగా, వేపచెట్ల కొమ్మల మీదుగా, పక్కింటి పిట్టగోడ మీదుగా తీగలు ఇళ్లలోకి వెళ్లాయి. తీగ తెగితే ఏ శాఖకు ఫిర్యాదు చేయాలో ఎవరికీ తెలియదు. నెలసరి రుసుముకు వచ్చే కుర్రవాడినే అడిగేవారు.

చట్టం నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. 1994 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు, 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం. ఆపరేటర్లు పేరు నమోదు చేయించుకోవలసిన చోటు ఏదనుకున్నారు? ప్రధాన తపాలా కార్యాలయం. రేడియో లైసెన్సు పోయిన పదేళ్లకు పోస్టుమాస్టరు మళ్లీ ప్రసారాల వ్యవహారంలోకి వచ్చారు.

ఈ తగవు సుప్రీంకోర్టుకు చేరింది మాత్రం క్రికెట్ కారణంగానే. 1993 నవంబర్‌లో జరిగిన హీరో కప్ పోటీల ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు ఇచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం దేశం నుంచి ప్రసారం చేసే అధికారం తమదేనని ప్రభుత్వం, దూరదర్శన్ వాదించాయి. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు గాలి తరంగాలను ప్రజల ఆస్తిగా ప్రకటించింది. వాటిని ప్రభుత్వమో, ఏ ఒక్క సంస్థో గుత్తకు తీసుకోరాదని, ప్రజాహితం కోసం స్వతంత్ర ప్రాధికార సంస్థ నియంత్రించాలని చెప్పింది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి తెలుగువారు. గాలి తరంగాలు ప్రైవేటు గుత్తాధిపతుల చేతుల్లోకి పోవడమూ సర్కారు గుత్తాధిపత్యమంత ప్రమాదకరమేనని ఆయన విడిగా రాసిన తీర్పులో హెచ్చరించారు. ఆ భాగాన్ని తర్వాతి కాలంలో ఉటంకించినవారు తక్కువ. కాగా ఆ ఏడాదే ఈటీవీ, జెమినీ తెలుగు లోగిళ్లలోకి ప్రవేశించాయి.

తీర్పు వచ్చినంత మాత్రాన సర్కారు పట్టు సడలలేదు. చిన్న డిష్‌తో నేరుగా ఇంటికే ప్రసారాలు అందించే డీటీహెచ్ సాంకేతికత సిద్ధమైన వేళ, 1997లో కేంద్రం దాన్ని నిషేధించింది. 2000 సంవత్సరం చివర్లో గానీ అనుమతి రాలేదు. నేడు పల్లెపల్లెనా గోడలకు కనిపించే ఆ చిన్న గొడుగులు ఒకప్పుడు చట్టవిరుద్ధమని ఎందరికి గుర్తుంది?

భూటాన్ మరో దారి చూసింది. తలుపు పూర్తిగా మూసి ఉంచి, రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేక రజతోత్సవ సందర్భంగా 1999 జూన్ 2న తెరిచింది. టీవీ, ఇంటర్నెట్ ఒకే మాసంలో ఆ దేశంలోకి వచ్చాయి. కొద్ది సంవత్సరాలకే, కుస్తీ పోటీలు చూసి పిల్లలు బడి ఆవరణలో ఒకరినొకరు ఎత్తి పడేసుకుంటున్నారన్న ఆందోళన మొదలైంది. ఆ ఆందోళనను అప్పటికే అనుభవించిన భారతీయ తల్లిదండ్రులకు అందులో కొత్తదనం కనిపించదు.

ఇంటి లోపలి నిషేధాలు

ఇంతవరకూ ప్రభుత్వాల సంగతి. ఇంట్లో పరిస్థితి మరింత చిక్కైనది. కేబుల్ తీగను సర్కారు తెంపితే ఒప్పుకోని గృహస్థు, మార్చి నెల వచ్చేసరికి తానే ఆపరేటర్‌ను పిలిచి పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా కనెక్షన్ తీసేయమని అడిగేవాడు. 2007లో ఎఫ్‌టీవీ ఛానల్‌ను రెండు నెలలపాటు కేంద్రం నిలిపివేసినప్పుడు భావప్రకటన స్వేచ్ఛ గురించి వ్యాసాలు వచ్చాయి. ఆ ఛానల్‌ను అంతకుముందే రిమోట్‌లో కనిపించకుండా చేసుకున్న ఇళ్లు ఎన్నో. 2020 జూన్ 29న చైనా సంస్థలకు చెందిన 59 యాప్‌లను భద్రతా కారణాలతో కేంద్రం నిషేధించగా, వాటిలో టిక్‌టాక్ కూడా పోయింది. పిల్లలు చెడిపోతున్నారని వాపోతున్న పెద్దలు ఆ నిర్ణయానికి సంతోషించారు. పొలం గట్టున ఆడి, పాడి ఊరి బయట కూడా పేరు తెచ్చుకున్న యువతకు మాత్రం ఒక్క రాత్రిలో ప్రేక్షకులు మాయమయ్యారు. వారిలో చాలామంది ఇతర వేదికలకు మారిపోయారు.

ప్రభుత్వం కాదంటే తప్పు, తండ్రి కాదంటే ఒప్పు అనే ఈ లెక్క ఎక్కడిదాకా చెల్లుతుంది? కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక కళాశాల బాలికల హాస్టల్ ఇందుకు వేదిక అయింది. అక్కడ రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా సెల్‌ఫోను వాడరాదన్న నిబంధన ఉండేది. దాన్ని 2019లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 గంటలకు మార్చారు. అంటే తరగతులు ముగిసి చదువుకునే వేళకే ఫోను అప్పగించాలి. ఒక విద్యార్థిని ఒప్పుకోలేదు. పాఠాలకు కావలసిన సమాచారం ఫోనులోనే ఉందని, బాలుర హాస్టల్‌లో లేని ఆంక్ష తమకెందుకని ఆమె ప్రశ్న. హాస్టల్ నుంచి ఆమెను పంపేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది.

ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. పద్దెనిమిదేళ్లు దాటిన విద్యార్థినికి చదువుకునే వేళ ఏదో, ఫోను వాడే వేళ ఏదో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండాలని అభిప్రాయపడింది. ఆమెను వెంటనే హాస్టల్‌లో తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. ఫోను వాడేటప్పుడు గదిలోని మిగతావారికి ఇబ్బంది కలగకుండా చూసుకోవలసిన బాధ్యత ఆమెదేనని కూడా న్యాయమూర్తి ఆ తీర్పులోనే రాశారు.