తుప్పుపై రంగు
1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప మాదాపూరున పాతవస్తువులకు చోటు కరవైనది. అయినను, లోపల మంచము, పొయ్యి అమర్చుకొని ఊళ్లు తిరిగిన పాత వ్యానును అమ్ముకొన మనసొప్పనివారు అచ్చటను ఉందురు. తుప్పుమీద రంగు పూయుట పుండుమీద పట్టుబట్ట కప్పుటయే యని వారు గుర్తింపవలెను. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసి పుట్టెడి తుప్పు గుల్లబారి తేమను లోనికి పీల్చును. ఒక్క వానకాలమునకే పైరంగు పొక్కులెత్తును.

కావున గరుకు కాగితముతో లోహము మెరయువరకు రుద్ది, మిగిలిన మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లము పట్టింపవలెను. అది తుప్పును ఫాస్ఫేటుగా మార్చును. ఢిల్లీ ఇనుపస్తంభమును సుమారు 1600 ఏండ్లుగా కాపాడుచున్నది ఇట్టి ఫాస్ఫేటు పొరయేనని లోహశాస్త్రజ్ఞులు తేల్చిరి. పిమ్మట ప్రైమరు, అది ఆరిన పిదపనే రంగు.

15 ఏండ్లు నిండిన సొంతబండికి రిజిస్ట్రేషను పొడిగింపవలెనన్న తనిఖీ తప్పదు. పైమెరుగుతో అచ్చట గట్టెక్కినను, పుచ్చిన అడుగురేకు దారిలో ఊడినచో ప్రాణములకే ముప్పు.