మంచును కదిలించేది మన అడుగే

డిసెంబరు వస్తే కామారెడ్డి, ఎల్లారెడ్డి పోరగాళ్లు కూడా మనాలి, కేదార్‌కంఠ, గుల్మార్గ్ దారి పడుతున్నారు. వెళ్లాల్సిందే. 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ చదువుకున్నది ఈ రెండు ఊళ్ల మధ్య ఉన్న తాడ్వాయి గురుకులంలోనే. అలాంటి చోట పిల్లలను మంచుకు భయపడి ఇంట్లో కూర్చోమనడం న్యాయం కాదు. నా బాధంతా వాళ్లు నమ్మి వెళ్తున్న ఒక మాట గురించే.

అపోహ: గట్టిగా అరిస్తే మంచుచరియలు విరిగిపడతాయి. చప్పుడు చేయకుండా నడిస్తే ఏమీ కాదు.

ఇది సినిమాలు నేర్పిన మాట. మనిషి ఎంత గొంతు చించుకున్నా ఆ శబ్దం మంచు మీద వేసే ఒత్తిడి, ఒక్క అడుగు వేసే ఒత్తిడిలో వందో వంతు కూడా ఉండదు. పేలుడు పదార్థాల సంగతి వేరు. రోడ్ల మీదికి, స్కీయింగ్ వాలుల మీదికి విరిగిపడేలా ఉన్న మంచును మనుషులు రాకముందే దింపేయడానికి వాటిని కావాలనే పేలుస్తారు. మన కేకకు, ఈలకు, పాటకు అంత బలం లేదు.

మరి ఎందుకు కూలుతుంది? కొండ మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. కురిసినప్పుడల్లా ఒక పొర పడుతుంది. మంచు పలుచగా ఉండి చలి ముదిరినప్పుడు అడుగు పొర ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మారుతుంది. దాని మీద కొత్త మంచు పడి, గాలికి గట్టిపడి పలకలా పేరుకుంటుంది. వాలు మీద ఆరబోసిన మక్కలపై తలుపు చెక్క వేసి, దాని మీద కాలు పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. మనిషి బరువుకు కింది పలుకులు నలుగుతాయి. పగులు క్షణాల్లో వాలంతా పాకి పలక మొత్తం జారుతుంది. ఈ పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. విహారానికి వెళ్లినవాళ్ల ప్రాణాలు తీసిన ఇలాంటి ప్రమాదాల్లో పదింట తొమ్మిది, బాధితులో వాళ్ల తోటివాళ్లో కాలు పెట్టి కదిలించినవే.

ఈ అపోహ ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడే. నోరు కట్టేసుకున్నవాడు తనకిక ప్రమాదం లేదనుకుంటాడు. వాలు ఎంత నిటారుగా ఉందో చూడడు. నిన్న ఎంత మంచు కురిసిందో అడగడు. పదిమంది గుంపుగా, గుట్టుగా ఒకే పలక మీద నిలబడతారు. ప్రమాదం ముంచుకొచ్చినా పక్కవాడిని కేకేసి హెచ్చరించడానికి జంకుతారు. నిజానికి చెవి పెట్టాల్సింది మంచు చేసే చప్పుడుకే. కాలి కింద లోతుగా ‘ధబ్’మని వినిపించినా, అడుగు నుంచి పగుళ్లు సాగినా బలహీన పొర నలుగుతోందని అర్థం. అక్కడి నుంచి వెంటనే చదును నేలకు తిరిగి రావాలి.

అపోహ: పెద్ద శిఖరాలు ఎక్కేవాళ్లకే ఈ ప్రమాదం.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో గ్యాంగ్‌టక్–నాథులా రోడ్డు పక్కన మంచుచరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వాళ్లు ఏ శిఖరమూ ఎక్కలేదు. పర్యాటకులకు అనుమతి 13వ మైలు వరకే ఉంటే, ప్రమాదం జరిగింది 15వ మైలు దగ్గర.

అపోహ: అనుభవమున్న గైడ్ వెంట ఉంటే చాలు.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరంపై శిక్షణ బృందాన్ని ముంచేసిన మంచులో శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా చనిపోయారు. అదే ఏడాది మేలో ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కిన మనిషి ఆమె. గైడ్ తప్పనిసరిగా ఉండాలి. అంతమాత్రాన మన కళ్లు మూసుకోకూడదు.

అపోహ: పొద్దున్నే దాటేస్తే భయం లేదు.

ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. వసంతకాలంలో ఎండకు పై మంచు కరిగి, నీళ్లు లోపలికి ఇంకి పొరల పట్టు సడలుతుంది. రాత్రి గడ్డకట్టిన మంచు మీద తెల్లారేసరికి దాటడం అప్పుడు తెలివైన పనే. కానీ మనవాళ్లు వెళ్లేది డిసెంబరు, జనవరిల్లో. ఆ చలి బలహీన పొరను వారాల తరబడి అలాగే నిలిపి ఉంచుతుంది. దానికి పొద్దున, సాయంత్రం తేడా లేదు.

అపోహ: చెట్లుంటే మంచు ఆగిపోతుంది.

చెట్ల మధ్య మనిషి నడిచే సందుంటే మంచు జారే సందూ ఉన్నట్టే.

అపోహ: కూరుకుపోయినా ఎవరో తవ్వి తీస్తారు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో పదిమంది సైనికులు మంచులో చిక్కుకున్నారు. వాళ్లలో హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన వార్త అందరికీ గుర్తుంది. ఆయన కూడా 11న కన్నుమూశారని, మిగతా తొమ్మిదిమందిలో అప్పటి కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఉన్నారని ఎంతమందికి గుర్తుంది? మంచు కింద చంపేది ముఖ్యంగా ఊపిరాడకపోవడమే. పది, పదిహేను నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు. 35 నిమిషాలు దాటితే మూడింట ఒక వంతే. అంత తొందరగా తీయగలిగేది పక్కనున్న స్నేహితులు మాత్రమే. వాళ్ల దగ్గర సిగ్నల్ పంపి వెతికే ట్రాన్స్‌సీవర్, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ, పార ఉండాలి. వాటిని వాడటం ముందే నేర్చుకుని ఉండాలి.

కాబట్టి డబ్బు కట్టేముందే ట్రెక్ నిర్వాహకులను అడగండి: దారిలో 30 డిగ్రీలు దాటిన వాలులున్నాయా? వాటి కింద నుంచి నడవాలా? ఈ పరికరాలు ఇస్తారా? మంచు బాగా కురిస్తే ప్రయాణం వాయిదా వేస్తారా? చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ శీతాకాలంలో ఇచ్చే హెచ్చరికలు చదవండి. భారీగా మంచు కురిశాక కనీసం ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోవద్దు. తప్పనిసరైతే ఒక్కొక్కరుగా దాటండి, మిగతావాళ్లు పక్కన ఆగి చూస్తూ ఉండాలి. చెక్‌పోస్టు దగ్గర ఆగమంటే ఆగండి. సెలవులు అయిపోతున్నాయనో, కట్టిన డబ్బు పోతుందనో ముందుకు పోవద్దు. కొండ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. మీరూ ఉండాలి.