పాల బండికి గాలి సంచులు - అవి చేసే పని, చేయలేని పని

పాల డబ్బాలు ఎక్కించగానే పికప్ బండి వెనుక భాగం కుంగి, ముక్కు పైకి లేవడం సంఘ సభ్యులందరూ చూసినదే. దీనికి మెకానిక్కులు సాధారణంగా చెప్పే మందు, కమాను కట్టకు ఇంకొక పట్టీ చేర్చడం. దానికి మరో ఉపాయం, వెనుక ఇరుసు మీద గాలి సంచులు అమర్చడం. అమెరికాలో పికప్ ట్రక్కుకు పశువుల ట్రైలరు, ఎండుగడ్డి ట్రైలరు తగిలించి లాగే రైతులకు ఇవి బాగా పరిచయమైన సాధనాలు.

సంఘం డబ్బు అంటే సభ్యుల డబ్బు. బండి తోలేవాడు మన ఊరి పిల్లవాడు. కనుక పాలకవర్గం తీర్మానం చేసే ముందు ఈ సంచుల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

గాలి బరువు మోస్తుందా?

మోస్తుంది. రోజూ చూస్తూనే ఉన్నాము. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు టైర్లు తొడిగి పేటెంటు పొందాడు. ఇనుప పట్టా చక్రాల బండి పోయి టైరు బండి వచ్చిన తరువాత ఎద్దులకు ఎంత సుఖం కలిగిందో మన పెద్దలకు తెలుసు. గట్టి సంచిలో బిగించిన గాలి బరువును మోస్తుంది, కుదుపును మింగుతుంది. గాలి సంచి వెనుక సూత్రం కూడా ఇదే.

ఈ సంచి లోపల దారపు అల్లిక ఉన్న దళసరి రబ్బరుతో తయారవుతుంది. వెనుక ఇరుసుకు, పైన ఉన్న చాసిస్‌కు మధ్య కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బిగిస్తారు. సన్నని గొట్టం ద్వారా గాలి నింపుతారు. కమాన్లు యథాతథంగా ఉంటాయి. సంచి వాటికి సాయం మాత్రమే. బరువు పెరిగినప్పుడు గాలి నింపుకోవచ్చు, ఖాళీగా ఉన్నప్పుడు తగ్గించుకోవచ్చు. అదనపు కమాను పట్టీకి ఈ సౌకర్యం లేదు. అది ఖాళీ బండిని కూడా ఎగిరెగిరి పడేటట్టు చేస్తుంది.

బండి సమంగా నిలబడితే కలిగే మేలు చిన్నది కాదు. వెనుక కుంగిన బండికి ముందు చక్రాల మీద పట్టు తగ్గవచ్చు, స్టీరింగు తేలిపోవచ్చు. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్ళలో పడతాయి. సాయంత్రం పాలు తీసుకొని చీకటి పడ్డాక తిరిగివచ్చే బండికి ఇది ముఖ్యమైన విషయం.

కుంగుడు పోయింది, బరువు పోలేదు

అసలు జాగ్రత్త పడవలసినది ఇక్కడే. పాలు తెల్లగా ఉన్నంత మాత్రాన వెన్నశాతం ఉన్నట్టు కాదని మనకు తెలుసు. అలాగే బండి సమంగా నిలబడినంత మాత్రాన బరువు పరిమితిలో ఉన్నట్టు కాదు.

ఒక లెక్క చూద్దాము. ఒక పికప్ రిజిస్ట్రేషన్ పత్రంలో ఖాళీ బరువు 1,700 కిలోలు, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు 2,900 కిలోలు అని ఉన్నదనుకుందాము. అంటే మోయగలిగినది 1,200 కిలోలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల నిండు డబ్బా, ఖాళీ డబ్బా బరువుతో కలిపి 50 కిలోల దాకా వస్తుంది. 24 డబ్బాలతోనే 1,200 కిలోలు నిండాయి. డ్రైవరు, సహాయకుడు కలిసి మరో 130 కిలోలు ఉంటారు. అప్పుడే 130 కిలోలు ఎక్కువైనది.

ఇప్పుడు గాలి సంచులు బిగించి బండిని సమంగా నిలబెట్టామనుకోండి. కాటా మీద పెడితే అదే 3,030 కిలోలు చూపుతుంది. పైగా సంచుల బరువు కూడా చేరుతుంది. టైర్లు అవే, ఇరుసు అదే, బేరింగులు, బ్రేకులు అవే. వాటి శక్తి ఒక్క కిలో కూడా పెరగలేదు. కుంగుడు అనేది బండి మనకు చెప్పే హెచ్చరిక. సంచి ఆ హెచ్చరికను వినపడకుండా చేస్తుంది. “ఇప్పుడు కుంగడం లేదు గదా, ఇంకో నాలుగు డబ్బాలు వేయి” అన్న మాట వచ్చిననాడు ప్రమాదం మొదలైనట్టే. ఘాటు రోడ్డు దిగేటప్పుడో, గేదె అడ్డం వచ్చినప్పుడో బ్రేకు తొక్కితే ఆపవలసినది పూర్తి బరువునే గాని, కంటికి కనిపించే ఎత్తును కాదు.

ట్రైలరు లాగేటప్పుడు

ఎద్దుబండి కట్టినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. బరువు ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కి వేస్తే కాడి పైకి లేచి మెడతాళ్ళు గొంతు నొక్కుతాయి. బండి లాగే ట్రైలరు కూడా అంతే. దాని మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలని లెక్క. అంతకంటె బాగా తగ్గితే వేగం మీద ట్రైలరు తోకలాగా అటూ ఇటూ ఊగి బండినే తిప్పివేయగలదు.

ట్రైలరు బరువు 700 కిలోలు, అందులో 500 కిలోల గేదెలు రెండు అనుకుంటే మొత్తం 1,700 కిలోలు. కొక్కెం మీద 170 నుంచి 255 కిలోల దాకా పడాలి. 200 కిలోలు పడిందని తీసుకుందాము. లాగే బండి రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి కొక్కెం దాకా 1.2 మీటర్లు అయితే, కొక్కెం బరువు తూనిక కర్రలాగా పనిచేసి ముందు చక్రాల మీద నుంచి 80 కిలోలు లేపుతుంది. వెనుక ఇరుసు మీద 200 కాదు, 280 కిలోలు పడతాయి.

గాలి సంచి వెనుక భాగాన్ని పైకి లేపుతుంది. కాని ముందు చక్రాలు కోల్పోయిన ఆ 80 కిలోలను తిరిగి ఇవ్వదు. ఆ పని చేసేది బరువును పంచే ప్రత్యేకమైన కొక్కెం. దాని ఉక్కు కడ్డీలు మీటలాగా పనిచేసి కొంత బరువును ముందుకు, కొంత ట్రైలరు చక్రాల మీదికి నెడతాయి. పెద్ద ట్రైలరు లాగవలసినవారు ముందు చూడవలసినది ఇది. సంచి దాని తరువాతిది. మన ట్రాక్టర్ల వెనుక చక్రాలకు సాధారణంగా కమాన్లు ఉండవు. వాటికి ఈ సంచుల ప్రసక్తి లేదు.

అమర్చుకున్నవారు పాటించవలసినవి

1. ముందు కమాన్లు చూపించండి. విరిగిన పట్టీకి, చచ్చిన కమానుకు సంచి మందు కాదు.

2. ఖాళీ బండికి నేల నుంచి చక్రం పైన ఉన్న రేకు అంచు దాకా ఎత్తు కొలిచి రాసిపెట్టుకోండి. సరుకు ఎక్కించాక ఆ ఎత్తును మించకుండా గాలి నింపండి.

3. టైరు షాపులో ‘పాయింట్లు’ అంటామే, ఆ లెక్కన చాలా రకాల సంచులలో 5 పాయింట్లకు తగ్గకూడదు, 100కు మించకూడదు. మీ సంచిపై తయారీదారు ఇచ్చిన అంకెలే ప్రమాణం. గాలి లేని సంచి ముడతలు పడి నలిగిపోతుంది.

4. రెండు సంచులకు వేరువేరు గొట్టాలు ఉండాలి. ఒకే గొట్టమైతే మలుపులో ఒత్తిడి పడిన సంచిలోని గాలి రెండవదానిలోకి పోయి బండి ఇంకా వాలుతుంది.

5. గాలి తగ్గుతుంటే అతుకుల వద్ద సబ్బు నీళ్ళు రాయండి. బుడగ వచ్చినచోటే లీకు.

6. పొగ గొట్టం వేడి రబ్బరుకు తగలకుండా మధ్య రేకు అడ్డు పెట్టించండి.

7. చాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తే ముందు సంచులలో గాలి తీసివేయండి.

చట్టం మాట

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. కనుక సంచులు బిగించే ముందు బండి తయారీదారు డీలరును, రవాణా కార్యాలయాన్ని అడగండి. పరిమితికి మించిన బరువుకు 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన అదనపు బరువులో ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. అదనపు సరుకు దించితేనే బండి కదలాలి. పాల బండి దారిలో నిలిచిపోతే ఆ పూట పాలు ఏమవుతాయో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి సంఘాలవారు ముందుగా చేయవలసిన పని గాలి సంచులు కొనడం కాదు. నిండు డబ్బాలతో బండిని ఒకసారి కాటా ఎక్కించండి. పరిమితిలోనే ఉండి, ఇంకా కుంగుతుంటే సంచులు ఉపయోగపడతాయి. పరిమితి దాటితే రెండవ ట్రిప్పు వేయండి, లేదా పెద్ద బండి మాట్లాడండి. కాటా చీటీని సంఘం గోడకు అంటించండి. ఎన్ని డబ్బాలు ఎక్కించాలో అప్పుడు ఎవరినీ అడగనవసరం ఉండదు.