కుక్కతో గుట్ట ఎక్కే ముందు

పిల్లలూ! ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మీ మనసంతా సెలవుల మీదనే ఉంటుంది. మొన్న మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, సెలవుల్లో మేం నలుగురం ఎలగందుల కోట ఎక్కుదామనుకుంటున్నాం. మా కుక్కను కూడా తీసుకుపోవచ్చా?" అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. కాని దీనికి జవాబు చెప్పాలంటే భౌతికశాస్త్రం కొంత, జీవశాస్త్రం కొంత తెలియాలి. మీలో ఇంకెందరికో ఇదే ఆలోచన ఉండవచ్చు. అందుకే జవాబు అందరికీ కలిపి చెబుతున్నాను.

ముందు నా సంగతి ఒకటి వినండి. నేను కూడా తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక మే నెలలో, స్నేహితులతో సైకిళ్ళ మీద ఇదే కోటకు వెళ్ళాను. కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో, మానేరు ఒడ్డున గుట్ట మీద ఉంది ఆ కోట. 1905కు ముందు మన జిల్లాకు ఎలగందుల పేరే ఉండేది. మా ఇంటి కుక్క మోతి, వద్దన్నా వినకుండా సైకిళ్ళ వెంట పరుగెత్తి వచ్చింది. మేం గుట్ట ఎక్కడం మొదలుపెట్టేసరికే పది దాటింది. మోతి మాతో పైదాకా వచ్చింది. దిగేటప్పుడు మాత్రం మాటిమాటికీ గోడ నీడన కూలబడింది. "బద్ధకం" అని నవ్వి, పిలిచి, లేపి నడిపించాం. తెచ్చుకున్న నీళ్ళు అప్పటికే మేం తాగేశాం. కిందికి చేరాక అది తూలి పడిపోయింది. సాయంత్రానికి చనిపోయింది. దానికి ఏమైందో నాకు కొన్నేళ్ళ తరువాత, పుస్తకాలు చదివాక గాని అర్థం కాలేదు.

చెమట పట్టని జంతువు

మన శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఆరోగ్యంగా ఉన్న కుక్కది 38.3 నుంచి 39.2 డిగ్రీలు. అది 41 డిగ్రీలకు చేరితే ప్రాణాపాయం. అంటే మామూలు స్థితికీ ప్రమాదానికీ మధ్య తేడా రెండు డిగ్రీలే!

నడిచేటప్పుడు, ఎక్కేటప్పుడు కండరాలు పనిచేస్తాయి. అవి ఖర్చు చేసే శక్తిలో మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడి బయటికి పోవాలి. చుట్టూ ఉన్న గాలి మన ఒంటికంటె చల్లగా ఉంటే కొంత వేడి గాలిలోకి పోతుంది. కాని ఆదిలాబాద్‌లోనో రామగుండంలోనో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు చేరిన రోజు ఏం జరుగుతుంది? వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రత వైపే పోతుందని మీరు చదివారు కదా! ఆ రోజు గాలే ఒంటికి వేడినిస్తుంది. వడగాలి అంటే ఇదే.

అప్పుడు మిగిలే మార్గం ఒక్కటే, నీటిని ఆవిరి చేయడం. ఒక గ్రాము నీరు ఒంటి వేడి దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కెలొరీలు తీసుకుంటుంది. మనకు ఒళ్ళంతా స్వేద గ్రంథులున్నాయి. మన చర్మం మొత్తం ఒక తడి కుండలా పనిచేస్తుంది. కుక్కకు ఇలాంటి గ్రంథులు ముఖ్యంగా అరికాళ్ళలోనే ఉంటాయి. వాటివల్ల ఒళ్ళు చల్లబడటమనేది నామమాత్రం. అందుకే అది నాలుక చాపి రొప్పుతుంది.

ముక్కుతో లోపలికి, నోటితో బయటికి

రొప్పడాన్ని అలసట అనుకుంటాం. నిజానికి అది ఒక శీతల యంత్రం. విశ్రాంతిగా ఉన్న కుక్క నిమిషానికి 15 నుంచి 30 సార్లు గాలి పీలుస్తుంది. రొప్పేటప్పుడు అది 300 సార్లు దాటుతుంది. అంత వేగంగా ఛాతీని కదిలిస్తే ఆ కండరాలలోనే ఎంతో వేడి పుట్టాలి కదా, మరి లాభమేమిటి? ఇక్కడ ప్రకృతి చేసిన ఏర్పాటు చూడండి. ఊయలను దాని సహజ పౌనఃపున్యంతో ఊపితే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. కుక్క శ్వాస వ్యవస్థకు కూడా ఒక సహజ పౌనఃపున్యం ఉంది. అది రొప్పే వేగం దానికి దగ్గరగా ఉంటుంది. అందువల్ల తక్కువ శ్రమతోనే పని జరుగుతుంది.

నార్వేలో పుట్టి అమెరికాలో పనిచేసిన క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1970లో ఇంకొక విషయం చూపాడు. రొప్పే కుక్క గాలిని ఎక్కువగా ముక్కుతో పీల్చి, నోటితో వదులుతుంది. ముక్కు లోపల మడతలు మడతలుగా తడి పొర ఉంటుంది. గాలి దాని మీదుగా పోతూ తేమను, వేడిని తీసుకుంటుంది. అదే గాలి మళ్ళీ ముక్కుగుండానే బయటికి వస్తే, చల్లబడిన ఆ పొరకు తేమను, వేడిని కొంత తిరిగి ఇచ్చేస్తుంది. నోటిగుండా పోతే ఆ నష్టం ఉండదు. ఆ పొరను తడిపే నీటిని ముక్కు పక్కన ఉన్న ఒక గ్రంథి అందిస్తుందని 1972లో తెలిసింది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 15 కిలోల కుక్క ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడాలంటే ఎంత నీరు ఆవిరి కావాలి? శరీర విశిష్టోష్ణం 0.83 అనుకోండి. 15,000 × 0.83 = 12,450 కెలొరీలు. దీన్ని 580తో భాగిస్తే సుమారు 21 గ్రాములు. అంటే నాలుగు చెంచాల నీరు! యంత్రం గొప్పదే. కాని దానికి రెండు హద్దులున్నాయి. లోపల నీరు ఉండాలి. బయటి గాలి ఆ ఆవిరిని తీసుకునేంత పొడిగా ఉండాలి. అందుకే వానాకాలంలో ముసురు పట్టిన రోజు 31 డిగ్రీలే ఉన్నా కుక్కకు క్షేమమని అనుకోవద్దు.

కాళ్ళ కింది బండ

మీకు కాళ్ళకు చెప్పులున్నాయి. కుక్కకు లేవు. అరికాలి మెత్తలు మందంగా ఉన్నా అవి ప్రాణమున్న చర్మమే. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. గుట్ట మీది బండ 50 దాటడం మామూలే. 60 డిగ్రీల వేడి వస్తువును 5 సెకన్లు తాకితే చాలు, మన చర్మం కాలుతుంది. పైగా కుక్క పొట్ట నేలకు జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంటుంది. మీ ముఖానికి తగిలే గాలికంటె దానికి తగిలే గాలి వేడిగా ఉంటుంది.

ఇంకొక సంగతి. "సాయంత్రం పోతాం సార్, ఎండ ఉండదు" అంటారు మీరు. ఎండ ఉండదు, బండ ఉంటుంది! పగలంతా తాగిన వేడిని అది రాత్రి చాలాసేపటిదాకా వదులుతూనే ఉంటుంది. బండ అన్నిటికంటె చల్లగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు.

పరీక్ష సులువు. అరచేతి వెనుక భాగాన్ని బండకు ఆనించి నెమ్మదిగా 7 లెక్కపెట్టండి. అంతసేపు ఉంచలేకపోతే అక్కడ కుక్క నడవకూడదు.

పథకం ఎలా వేయాలి?

అమెరికాలోని ఫీనిక్స్ ఎడారిలో ఉన్న నగరం. ఊరి మధ్యనే కొండలు, వాటిమీద నడక దారులు ఉన్నాయి. అక్కడ కుక్కలు వడదెబ్బ తింటున్నాయని 2016లో ఒక నిబంధన పెట్టారు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరితే కుక్కలను ఆ దారులమీదికి తీసుకుపోకూడదు. 100 ఫారన్‌హీటు అంటే సుమారు 38 సెంటిగ్రేడు. కుక్క ఒంటి వేడికి దగ్గరగా ఉంది, గమనించారా? మన ఊళ్ళలో మే నెలలో పొద్దెక్కగానే ఆ హద్దు దాటిపోతుంది.

కాబట్టి మొదటి మాట: మే నెలలో కుక్కను ఇంట్లోనే నీడన ఉంచండి. నవంబరు నుంచి జనవరి దాకా చల్లగా ఉంటుంది, అప్పుడు తీసుకుపోండి. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరకముందే కిందికి దిగాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. పైదాకా చేరకపోయినా ఆ వేళకు తిరగాల్సిందే.

నీళ్ళ సంగతి. విశ్రాంతిగా ఉన్న కుక్కకే రోజుకు కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి. 15 కిలోల కుక్కకు అది ముప్పావు లీటరు పైమాటే. గుట్ట ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. దాని కోసం వేరుగా ఒక లీటరన్నా తీసుకుపోండి. మోదుగాకు డొప్పలో కొద్దికొద్దిగా, మాటిమాటికీ పోయండి. సగం నీళ్ళు అయిపోతే వెనక్కి తిరగండి. సైకిలు వెంట కుక్కను ఎన్నడూ పరుగెత్తించవద్దు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులను, ముసలివాటిని, బాగా లావైనవాటిని గుట్టలకు తీసుకుపోనే వద్దు. వాటికి ఆ శీతల యంత్రం సరిగా పనిచేయదు.

మెడకు తాడు ఉండాలి. రేబీస్ టీకా వేయించి ఉండాలి. కోటలోకి కుక్కను రానిస్తారో లేదో ముందే అడగాలి. ఆదిలాబాద్ వైపు 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ వంటి అడవులలోకి కుక్కను తీసుకుపోకూడదు. చిరుతకు కుక్క ఆహారం. కుక్క జబ్బులు అడవి జంతువులకు ముప్పు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో చనిపోయిన సింహాలు కొన్నింటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ కనిపించింది.

ప్రమాద సూచనలు

నాలుక వెడల్పై బాగా బయటికి వేలాడటం, లాలాజలం చిక్కగా తీగలు సాగడం, చిగుళ్ళు ఎర్రబారడం, వెనకబడటం, నీడ వెతకడం, వాంతి, తూలు. వీటిలో ఏది కనిపించినా నడక ఆపండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసరండి. తాగగలిగితే కొద్దిగా తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయవద్దు. తడి గుడ్డ కప్పి ఉంచవద్దు, అది ఆవిరిని ఆపుతుంది. ముందు చల్లబరచడం, ఆ వెంటనే పశువైద్యశాలకు చేర్చడం. ఈ వరుస గుర్తుంచుకోండి.

ఇలా చేసి చూడండి

బడి ప్రయోగశాల నుంచి రెండు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, రెండింటినీ నీడన వేలాడదీసి, పది నిమిషాలు విసరండి. మే నెల మధ్యాహ్నం రెండింటికీ తేడా 15 డిగ్రీలకు పైగా రావచ్చు. జూలైలో ముసురు రోజున మళ్ళీ చేయండి. తేడా మూడు, నాలుగు డిగ్రీలకు తగ్గుతుంది. ఆ తేడాయే కుక్క నాలుకకు దొరికే చల్లదనం. రెండు నెలల అంకెలను నోటు పుస్తకంలో రాసి పోల్చండి.

ఆ విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇదే: "ఇప్పుడు వద్దు, డిసెంబరులో తీసుకుపో." మీరు పిలిస్తే కుక్క ఎంత ఎండలోనైనా వస్తుంది. ఇక చాలు, వెనక్కి పోదాం అని అది నోటితో చెప్పలేదు. లెక్క వేయగలిగింది మీరే. కాబట్టి ఎప్పుడు తిరగాలో నిర్ణయించాల్సిందీ మీరే. మోతి గోడ నీడన కూలబడినప్పుడు నాకు ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉంటే, మేం అక్కడే ఆగి ఉండేవాళ్ళం.