చిన్న సొట్ట... పెద్ద లెక్క!

ఆదివారం పొద్దున. కూకట్‌పల్లిలోని ఓ అపార్ట్‌మెంట్ సెల్లారు. కారు రివర్స్ చేస్తుండగా వెనక 'కర్ర్...' మంటూ చప్పుడు. దిగి చూస్తే ఏముందీ, పిల్లర్‌కి రాసుకుని బంపర్ చీలింది. స్టీరింగ్ ముందు కూర్చున్న కొడుకు మొహం పాలిపోయింది. 'ఏం ఫర్లేదు నాన్నా, ఇన్సూరెన్స్ ఉందిగా!' అన్నాడు. తండ్రి కూడా సరేనని బీమా కంపెనీకి ఫోన్ చేయబోయాడు. 'ఒక్క నిమిషం ఆగండి' అంటూ ఇల్లాలు పాలసీ కాగితాలు పట్టుకొచ్చింది. ఆవిడ ఆపడమే మంచిదైంది. ఎందుకంటారా?

బిల్లంతా రాదు!

మెకానిక్ చెప్పిన ఖర్చు 6,800 రూపాయలు. కొత్త బంపర్‌కి 4,000, పెయింటింగ్‌కి 2,000, బిగించినందుకు కూలి 800. ఈ మొత్తమంతా కంపెనీ ఇస్తుందనుకుంటే పొరపాటే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల కింద సగం కోత పడుతుంది. అంటే బంపర్‌కి వచ్చేది 2,000. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి, అందులో సగం తీసేస్తారు. ఇక్కడ మరో 250 పోయింది. మిగిలిన 4,550లోంచి ప్రతి క్లెయిమ్‌కీ యజమాని తప్పనిసరిగా భరించాల్సిన వాటా ఒకటుంది. చిన్న కార్లకు ఇది సాధారణంగా 1,000 రూపాయలు, 1,500 సీసీ దాటితే 2,000. అదీ తీసేస్తే చేతికొచ్చేది 3,550 మాత్రమే.

'జీరో డిప్రిసియేషన్' తీసుకున్నవారికి తరుగుదల కోత ఉండదు. వారికి 5,800 దాకా రావచ్చు. మరి క్లెయిమ్ చేస్తే పోలా అంటారా? అసలు కథ ఇక్కడే ఉంది.

పోయేది బోనస్

ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే రెన్యువల్‌లో 'నో క్లెయిమ్ బోనస్' ఇస్తారు. మొదటి ఏడాదికి 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, అయిదో ఏటికి 50 శాతం. ఈ తగ్గింపు మన కారు నష్టానికి కట్టే ప్రీమియం మీదే. థర్డ్ పార్టీ ప్రీమియానికి వర్తించదు. ఒక్క క్లెయిమ్ చేస్తే చాలు, బోనస్ మళ్లీ సున్నా!

ఆ ఇల్లాలు క్యాలెండర్ వెనక వేసిన లెక్క చూడండి. బోనస్ లేకపోతే సొంత నష్టం ప్రీమియం 10,000 అనుకుందాం. ఇప్పుడు 35 శాతం బోనస్ ఉంది. క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడాది 5,500 కడితే చాలు, ఆ తర్వాత ఏటా 5,000. అదే క్లెయిమ్ చేస్తే వరుసగా 10,000, 8,000, 7,500, 6,500, 5,500 కట్టాలి. అయిదేళ్లలో తేడా అక్షరాలా పన్నెండు వేలు! కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఈ అంకె కొంత తగ్గొచ్చు. అయినా 3,550 కోసం అంత వదులుకోవడం తెలివైన పనేనా?

పైగా ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మి కొత్తది కొన్నా వెంట తీసుకెళ్లొచ్చు. కొత్త కారు ప్రీమియం ఎక్కువ కనుక లాభమూ ఎక్కువే. అయితే పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యువల్ చేసుకోవాలి.

ఎప్పుడు చేయాలి?

అలాగని క్లెయిమే వద్దని కాదు. తలుపు, ఫెండర్, హెడ్‌ల్యాంప్ ఒకేసారి దెబ్బతిని బిల్లు వేలకు వేలు అయితే వెనకాడక్కర్లేదు. బంపర్ వెనక రేడియేటర్‌కి దెబ్బ తగిలిందేమో కూడా ముందే చూపించుకోవాలి. ఎవరికైనా గాయాలైనా, ఇతరుల వాహనం దెబ్బతిన్నా లెక్కలు పక్కనపెట్టి పోలీసులకు, కంపెనీకి వెంటనే తెలపాలి. 'బోనస్ ప్రొటెక్షన్' తీసుకున్నవారు ఎన్ని క్లెయిమ్‌ల దాకా అది పనిచేస్తుందో పాలసీలో చూసుకోవాలి.

మరికొన్ని జాగ్రత్తలు...

* క్లెయిమ్ చేయాలనుకుంటే కంపెనీకి చెప్పకముందే రిపేరు చేయించకండి.

* వేర్వేరు రోజుల్లో పడ్డ గీతలన్నీ ఒకే క్లెయిమ్‌లో కలిపేద్దామనుకోకండి. ఒక్కో ఘటనకూ ఒక్కో క్లెయిమ్.

* క్లెయిమ్ చేసి, కంపెనీ మారి, బోనస్ ఉందని చెప్పకండి. కొత్త కంపెనీ పాతదాన్ని అడిగి తెలుసుకుంటుంది. అబద్ధమని తేలితే అసలు అవసరమైన రోజున సొంత నష్టానికి పరిహారమే రాకపోవచ్చు.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైందంటే... 6,800 జేబులోంచే కట్టేశారు. కొడుకు రెండు నెలల పాకెట్ మనీలో కోత పడిందనుకోండి! 'చిన్న దెబ్బకు జేబు, పెద్ద దెబ్బకు బీమా' అన్నది ఇప్పుడా ఇంటి సూత్రం.