వార్తాజాలమున త్రొక్కిసలాట



చేతిలోని యంత్రమున నొక మీట నొక్కగనే దూరదేశపు వార్త మన యెదుట నిలుచుచున్నది. అది యే త్రోవను వచ్చినదని విచారించువారు కొందఱే. ఆ త్రోవ 1986 వ సంవత్సరమున నించుమించుగా మూతపడెననియు, దానిని మఱల తెఱపించినది క్రొత్త తీగ గాని క్రొత్త యంత్రము గాని కాక, ప్రోగ్రాములో మార్చి వ్రాసిన కొన్ని పంక్తులే యనియు నెఱిగినవారు మఱింత యరుదు. నేటి ప్రసంగమునకు విషయ మదియే.

ముందుగా ఇంటర్నెట్టున వార్త సాగు విధము తెలియవలెను. పంపదలచిన విషయమంతయు నొక్క మూటగా పోదు. తాళపత్రగ్రంథమును విప్పి, ఆకు ఆకునకు సంఖ్య వేసి, వేర్వేరుగా పంపినట్లు, కంప్యూటరు దానిని చిన్న ముక్కలుగా చేసి పంపును. వీనికి ప్యాకెట్టులని పేరు. కూడలికొక యంత్రముండి, వచ్చిన ప్యాకెట్టును తగిన తీగవైపు నడపును, దానిని రౌటరందురు. చేరినదానికి ఆవలి కంప్యూటరు రసీదు పంపును. రసీదు సకాలమున రానిచో, ప్యాకెట్టు దారిలో నశించెనని తలచి, మొదటి యంత్రము దానినే మఱల పంపును. ఈ కట్టుబాటునకు టీ.సీ.పీ. యని పేరు.

చిక్కు ఇందులోనే దాగియున్నది. రౌటరువద్ద ప్యాకెట్టులు వేచియుండుటకు కొంత చోటు మాత్రమే కలదు. అది నిండిన పిమ్మట వచ్చినవి పాఱవేయబడును. వానికి రసీదు రాదు గనుక అందఱును మఱల పంపుదురు. రద్దీ పెరిగినకొలది మఱల పంపుట పెరుగును; మఱల పంపినకొలది రద్దీ పెరుగును. తుదకు తీగలు నిండియే యుండును గాని క్రొత్త వార్త చేరదు. ఇట్టి విపత్తు రాగలదని జాన్ నేగిల్ అను నతడు 1984 లోనే వ్రాసి హెచ్చరించెను.

1986 అక్టోబరున నదియే జరిగెను. అమెరికాలో లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలకును, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము 400 గజములు. సెకనుకు 32,000 బిట్టుల చొప్పున సాగుచుండిన రాకపోక 40 బిట్టులకు పడిపోయెను. ఇంగ్లీషు అక్షర మొకటికి 8 బిట్టులు పట్టును గనుక, సెకనుకు అయిదక్షరములే చేరెనన్నమాట. పది పుటల లేఖను చేతబట్టుకొని నడచిపోయినను ఇంతకన్న ముందే చేరవచ్చును.

ఆ ప్రయోగశాలలో పనిచేయుచుండిన వాన్ జేకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు, మైకేల్ కారెల్సు తోడ్పాటుతో దీని కారణమును శోధించెను. ఫలితము 1988 లో వ్యాసముగా వెలువడెను. ఆయన మూలసూత్ర మిది: త్రోవ నిండియున్నప్పుడు, ఒక ప్యాకెట్టు ఆవలికి చేరినగాని మఱియొకటి లోనికి పంపరాదు. చేరినదని చెప్పునది రసీదే. కావున రసీదుల రాకయే పంపుటకు గడియారము.

దీనినుండి మూడు నియమములు పుట్టెను. మొదటిది, ఆరంభమున ఒక్క ప్యాకెట్టునే పంపి, రసీదు వచ్చిన పిమ్మట రెండు, తరువాత నాలుగు, ఎనిమిది, ఇట్లు పెంచుకొనుచు త్రోవ బలము నెఱుగుట. రెండవది, ప్యాకెట్టు పోయినచో దానిని రద్దీకి గుర్తుగా గ్రహించి, ఒకేసారి పంపు మొత్తమును సగమునకు తగ్గించుకొని, తరువాత ఒక్కొక్కటిగా మాత్రమే పెంచుట. మూడవది, రసీదుకై యెంతసేపు వేచియుండవలెనో నిర్ణయించునపుడు సగటు కాలమునేగాక, దానియందలి హెచ్చుతగ్గులను గూడ గణించుట. ఇందువలన ఆలస్యమైనదానిని నశించినదని భ్రమించి వృథాగా మఱల పంపుట తగ్గెను.

తగ్గుట వేగముగాను, పెరుగుట మెల్లగాను ఏల యుండవలెను? రద్దీ ముదిరినప్పుడు వరుసలు మిక్కిలి త్వరగా పెరుగును. కొంచెము కొంచెముగా తగ్గినచో అవి తీఱవు. పెరుగుటలో తొందరపడినచో మఱల మొదటికే వచ్చును.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఈ నియమమును పాటింపుమని దారిలో నిలిచి శాసించువా డెవడును లేడు. ప్రతి యంత్రమును తనంతట తానే తగ్గవలెను. తగ్గని దొకటి యున్నచో, తగ్గినవారి భాగము దానికే పోవును. నియమమును పాటించినవాడు నష్టపడుటయు, మీఱినవాడు లాభపడుటయు ననెడి ప్రమాదము దీనిని నేటికిని విడువలేదు.

అటుపిమ్మట మఱియొక చిక్కు పుట్టెను. జ్ఞాపకశక్తి చవుకయగుటచే రౌటరులలో వేచియుండు చోటు మితిమీఱి పెరిగెను. ప్యాకెట్టు పోదు గాని, చిరకాలము వరుసలో నిలుచును; పోనందున పంపువారికి రద్దీ తెలియదు. 2012 లో జేకబ్సన్, కేథలీన్ నికల్స్ కలిసి, వరుస పొడవునుగాక ప్యాకెట్టు వేచిన కాలమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 2016 లో గూగుల్‌లోని సహచరులతో గూడి, నష్టమునకై కాచుకొనక, త్రోవ వేగమును, వెళ్లివచ్చు కాలమును కొలిచి నడచు బీ.బీ.ఆర్. అను పద్ధతిని వెలువరించెను. దాని తొలిరూపము కొన్నియెడల పాత పద్ధతివారి భాగమును గూడ ఆక్రమించుచున్నదని పరీక్షలలో తేలగా, దానిని సవరింపవలసివచ్చెను.

కావున యంత్రమునకు వేగము నేర్పుట యొక పని. ఎప్పుడు తగ్గవలెనో నేర్పుట వేఱొక పని. పదిమంది త్రోవను నిలుపునది రెండవదియే.