బోధన్ చక్కెర లైన్ లాజిక్‌తో సింథ్: వీసీవీ ర్యాక్‌లో ఒక్కసారి కట్టి, పదిసార్లు వాడుకునే బ్లాకులు

నిజామాబాద్‌లో బరాత్ కదిలిందంటే డీజే బాక్సుల్లో తీన్‌మార్ మోగాల్సిందే. ఆ బీట్లు సొంతంగా చేద్దామని కూర్చునే కుర్రాళ్లకు మొదటి అడ్డంకి రేటు. పేరున్న సింథ్ ప్లగిన్లు చాలావరకు వేలల్లోనే ఉంటాయి. క్రాక్ వెర్షన్ దింపుకుంటే దాంతోపాటు మాల్‌వేర్ కూడా ఫ్రీగా రావచ్చు. మరి రూపాయి ఖర్చు లేకుండా, మనకు కావాల్సిన సౌండ్‌ను మనమే కట్టుకునే దారి ఉందా? ఉంది. దాని పేరు మాడ్యులర్ సింథ్. పీసీలో అయితే వీసీవీ ర్యాక్ 2 ఫ్రీ వెర్షన్ చాలు.

అసలు మాడ్యులర్ అంటే?

బోధన్ వాళ్లకు ఇది చెప్పడం చాలా ఈజీ. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీనే తీసుకోండి. చెరకు నలిపేది ఒక యంత్రం, రసాన్ని శుభ్రం చేసేది ఇంకొకటి, మరిగించి చిక్కబరిచేది వేరొకటి, చక్కెర పలుకులను మడ్డి నుంచి విడదీసేది మరొకటి. ఒకదాని నుంచి వచ్చిందే తర్వాతి దానికి ముడిసరుకు.

సింథ్ కూడా అంతే. ఆసిలేటర్ పచ్చి శబ్దాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులో అక్కర్లేనిది తీసేస్తుంది. వీసీఏ వాల్యూమ్‌ను అదుపు చేస్తుంది. ఆ వాల్యూమ్ ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడాలో ఎన్వలప్ చెబుతుంది. పైపుల బదులు ఇక్కడ కేబుళ్లు ఉంటాయి.

పైపుల సైజు కలిస్తేనే లైన్ నడిచేది. అందుకే వీసీవీ ర్యాక్‌లోనూ కొన్ని కొలతలు ఉన్నాయి. ఒక ఆక్టేవ్ పైకి వెళ్లాలంటే 1 వోల్ట్ పెరగాలి. ఆడియో సిగ్నల్ మామూలుగా మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టుల మధ్య ఆడుతుంది. గేట్ సిగ్నల్ 10 వోల్టులు. ఈ రూల్ పాటించే మాడ్యూల్ ఎవరు చేసినా మీ ప్యాచ్‌లో సెట్ అవుతుంది.

మొదటి బ్లాక్: డప్పు

డప్పు మీద కుడిచేతి సిర్ర బరువైన దెబ్బ వేస్తుంది, ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా చిటపటలాడుతుంది. అంటే మనకు రెండు సౌండ్లు కావాలి.

- సిర్ర: వీసీవో సైన్ అవుట్‌పుట్‌ను వీసీఏకి ఇవ్వండి. ఒక ఎన్వలప్‌ను వీసీఏకీ, వీసీవో ఎఫ్ఎం ఇన్‌పుట్‌కీ కలపండి. దెబ్బ పడగానే శ్రుతి పై నుంచి కిందికి జారుతుంది, 'ధబ్' అనే ఫీల్ వచ్చేది అక్కడే. సస్టెయిన్ సున్నా పెట్టి, డికే 150 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చేలా మార్చుకోండి.
- చిటికెన: వీసీవో తీసేసి నాయిస్ మాడ్యూల్ పెట్టండి. దాన్ని వీసీఎఫ్ హై-పాస్ అవుట్‌పుట్ మీదుగా వీసీఏకి పంపండి. డికే ఇంకా తగ్గించండి.

గమనించారా? రెండింట్లో ఎన్వలప్, వీసీఏ జంట ఒకటే. ఆ రెండు మాడ్యూళ్లను సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ మెనూలో సెలెక్షన్‌ను సేవ్ చేసుకోండి. ఇక ఏ ప్యాచ్‌లోకైనా దాన్ని ఇంపోర్ట్ చేసుకోవచ్చు. రేపు బాస్ సౌండ్ కావాలన్నా సగం పని అయిపోయినట్టే.

రెండో బ్లాక్: శ్రుతి పెట్టె

ఇక్కడ మామూలు కీబోర్డు చేయలేని పని ఒకటి చేయొచ్చు. మూడు వీసీవోలు పెట్టి ఫ్రీక్వెన్సీ నాబ్ మీద రైట్ క్లిక్ చేసి నంబర్లు టైప్ చేయండి: సా 261.63, గా 327.03, పా 392.44 హెర్ట్జ్. కీబోర్డులో అదే గా 329.63 దగ్గర ఉంటుంది. తేడా రెండున్నర హెర్ట్జ్‌లే అయినా కలిపి వింటే చెవికి తెలిసిపోతుంది. 5/4, 3/2 నిష్పత్తుల్లో స్వరాలు కలిసినప్పుడు ఆ కొట్టుకునే అల ఆగిపోతుంది, ధ్వని నిలకడగా కూర్చుంటుంది.

బ్లాక్ మళ్లీ పనికి రావాలంటే

1. ఒక బ్లాక్‌కు ఒకే పని. డప్పు, రివర్బ్, మిక్సర్ అన్నీ ఒక్కదాంట్లో కుక్కొద్దు.
2. లోపలికి ఏం రావాలి, బయటికి ఏం పోతుంది అన్నది పక్కనే నోట్స్ మాడ్యూల్‌లో రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత మీకే పనికొస్తుంది.
3. బేస్ బ్లాకులను ర్యాక్‌తో వచ్చే ఫండమెంటల్ మాడ్యూళ్లతోనే కట్టండి.

మూడోది ఎందుకంత ముఖ్యం? 2015లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక రైతులు చెరకును వేరే మిల్లులకు తోలుకోవాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే రిస్క్. సేవ్ చేసిన ఫైల్‌లో ఉండేది మాడ్యూళ్ల పేర్లు, సెట్టింగులు, కేబుళ్లే. మాడ్యూల్ కోడ్ అందులో ఉండదు. ఆ ప్లగిన్ రేపు దొరక్కపోతే మీ బ్లాక్‌లో ఖాళీ మిగులుతుంది. ర్యాక్ ఫ్రీ వెర్షన్ కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులో ఉంది. కంపెనీ ఒకవేళ పక్కకు తప్పుకున్నా ఆ కోడ్‌ను ఇంకెవరైనా ముందుకు తీసుకెళ్లొచ్చు.

ఏ డివైజ్‌కి ఏది?

- పీసీ, ల్యాప్‌టాప్: వీసీవీ ర్యాక్ 2 ఫ్రీ. ఎఫ్3 నొక్కితే ఏ మాడ్యూల్ ఎంత సీపీయూ తింటోందో కనిపిస్తుంది. సౌండ్ చిటపటమంటే ఆడియో మాడ్యూల్‌లో బ్లాక్ సైజ్ పెంచండి.
- ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్ లోపల వాడాలంటే: ర్యాక్‌ను ప్లగిన్‌గా వాడటానికి డబ్బు కట్టి ప్రో వెర్షన్ కొనాలి. ఫ్రీగా కావాలంటే అదే కోడ్ ఆధారంగా వచ్చిన ఓపెన్ సోర్స్ కార్డినల్ ఉంది. కాకపోతే అందులో ఉన్న మాడ్యూళ్లే వాడాలి, బయటివి ఎక్కించలేం.
- ఫోన్: సన్‌వాక్స్. ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లలో డబ్బు కట్టాలి, కంప్యూటర్‌లో ఫ్రీ.

మా మాట

ఒక్క క్లిక్‌తో రెడీమేడ్ బీట్ కావాలనుకుంటే ఇది మీకు కాదు. మొదటి వారం కేబుళ్లతోనే సరిపోతుంది. కానీ ఓపిక పడితే, పక్క డీజే దగ్గర లేని సౌండ్ మీ దగ్గర ఉంటుంది. ఈ ఆదివారం సిర్ర బ్లాక్ ఒక్కటి కట్టి సేవ్ చేయండి. పై ఆదివారానికి చిటికెన పుల్ల సగం రెడీగా ఉంటుంది.